నీళ్ల మీద ఎర్ర మచ్చ కనిపిస్తే గాలం ఆపండి

మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో చేపలకు గండమే. జూన్ 7, 8 తేదీల్లో మా వరంగల్ మార్కెట్‌కు ఒక్కసారి వచ్చి చూడండి. కాలు పెట్టే సందు ఉండదు. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చే ఆ రోజున చేప తినాలని పెద్దల మాట. తినకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, కానీ తినకుండా ఎవరూ ఉండరు. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో అదే కార్తెకు బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం గురించి మీరు వినే ఉంటారు. అందులో మింగించేది కూడా బతికున్న చిన్న కొర్రమీనునే.

పుస్తకాల్లో కొర్రమీను, మా ఇంట్లో కొర్రమట్ట. 2016 నుంచి ఇది తెలంగాణ రాష్ట్ర చేప. పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు సరసన దీనికీ చోటు దొరికింది. మార్కెట్‌లో రవ్వ, బొచ్చె కంటే రెండింతలకు పైనే ధర. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ, పైగా కళ్ల ముందే టబ్బులో కదులుతూ ఉంటుంది కాబట్టి తాజాదా కాదా అన్న అనుమానమే లేదు.

అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనం కొర్రమట్ట కోసం ఎగబడేది సరిగ్గా అది గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే రోజుల్లోనే. తొలకరి పడి చెరువులోకి కొత్త నీళ్లు రాగానే దాని సంసారం మొదలవుతుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కొందరు దాన్నే ఉపాయంగా వాడుకుంటారు. పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఆ ఉపాయం నా చేతికే అందింది. అది చెప్పే ముందు ఈ చేప గురించి నాలుగు మాటలు.

గాలి పీల్చే చేప

కొర్రమట్టకు మొప్పలు ఒక్కటే సరిపోవు. తలలో, మొప్పలకు పైన, గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంటుంది. అందుకే అది కాసేపటికోసారి పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి వెళ్తుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలో ఉన్న చేప కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. ఒళ్లు తడిగా ఉంటే చాలు, ఒడ్డు మీద గంటల తరబడి బతుకుతుంది. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దూరి వానల కోసం కాచుకుంటుంది. మా అమ్మ చిన్నప్పుడు ఎండిన చెరువులో బురద తవ్వి చేతులతో కొర్రమట్టలు పట్టేవాళ్లట.

ఇక వేట అంటారా, అది పులి లెక్క. వెంట తిరిగి అలసిపోదు. తామరాకుల కిందో, తుంగ పక్కనో కదలకుండా పడి ఉంటుంది. కప్పో చిన్న చేపో దగ్గరికి వచ్చిందా, నీళ్లు పగిలిన చప్పుడు వినిపిస్తుంది, అంతే. అమెరికాలో గాలం వేసేవాళ్లకు 'బాస్' అనే చేప ఎంత మోజో మన దగ్గర కొర్రమట్ట అంత. రబ్బరు కప్పను ఆకుల మీద దుంకిస్తూ దాన్ని ఊరించడం రెండు చోట్లా ఒకటే ఆట. వరంగల్‌లో ఇప్పుడు కుర్రాళ్లు సాయంత్రం అయితే బైక్‌కు రాడ్ కట్టుకుని చెరువులకు పోవడానికి కారణం కూడా ఆ నీళ్లు పగిలే చప్పుడే. నేనూ అందులో ఒకణ్ని.

ఆశ్చర్యం ఏమిటంటే, దీని దగ్గరి చుట్టం ఒకటి 2002లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక చిన్న కుంటలో కనపడగానే అక్కడి ప్రభుత్వం బెంబేలెత్తి కుంటలో మందు కొట్టించింది. అక్కడిది కాని చేప వస్తే ఉన్న చేపల్ని తినేస్తుందని భయం. మన దగ్గర రాష్ట్ర చేప, వాళ్ల దగ్గర ఆ చుట్టం దొంగలెక్క. ఏ చేప అయినా దాని సొంత నీళ్లలోనే మర్యాదగా బతుకుతుంది మరి.

అమ్మ పెట్టిన పని

జూలై చివరి వారం. మా అక్కకు ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. ఇంటికొచ్చి మూడు వారాలైంది. అక్క ఇంకా మంచం మీది నుంచి లేవాలంటే గోడ పట్టుకునేది. రాత్రంతా బుడ్డోడు ఏడుపు. బావ వాణ్ని భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. అమ్మ ఒకటే పాట: "కొర్రమట్ట పులుసు తింటే కుట్లు తొందరగ మానుతయ్. చెరువుల కొర్రమట్ట కావాలె."

ఇది మా ఒక్క ఇంటి నమ్మకమే అనుకున్నాను. కానే కాదు. మలేషియాలో ఇదే చేపను 'హరువాన్' అంటారు. అక్కడా బాలింతలకు, ఆపరేషన్ అయినవాళ్లకు దీన్నే వండిపెడతారు. గాయాలు మానడంలో ఇది ఎంతవరకు పనిచేస్తుందని అక్కడి పరిశోధకులు పరీక్షలు కూడా చేశారు. సముద్రాలు దాటినా అమ్మల వంటింటి వైద్యం ఒకటే అన్నమాట.

మేనమామకు ఫోన్ చేశాను. హసన్‌పర్తి దాటాక లోపలికి వెళ్తే ఆయన ఊరు. ఊరి పేరు మాత్రం రాయను, రాస్తే వచ్చే ఆదివారం కట్ట మీద బండ్లు పెట్టడానికి జాగా ఉండదు. మామ ఆ ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. మా అమ్మ పుట్టింటి వాళ్లది తరతరాలుగా చేపలు పట్టే ఇల్లు. "సాయంత్రం రా అల్లుడా. నాలుగు చినుకులు పడ్డయ్, మత్తడి కాడ కూసుందాం" అన్నాడు.

అయిదింటికి కట్ట ఎక్కాం. కట్ట మైసమ్మకు దండం పెట్టుకుని తూము దాటి మత్తడి వైపు నడిచాం. మామ చేతిలో వెదురు కర్ర, దారం, బెండు, డబ్బాలో ఎర్రలు. నా చేతిలో ఆరున్నర అడుగుల రాడ్, రీల్, ఆకుపచ్చ రబ్బరు కప్ప. మామ కప్పను పట్టుకుని తిప్పి చూశాడు.

"గిదెంతరా?"

"నాలుగు వందలు, మామా."

"నాలుగు వందలా! గా పైసలకు చేపే వస్తది కదరా." కాసేపు నవ్వి, "ఎయ్, చూద్దాం" అన్నాడు.

అరగంట గడిచింది. మామ బెండు రెండుసార్లు మునిగింది, రెండు జెల్లలు సంచిలో పడ్డాయి. జెల్ల ముల్లు గుచ్చుకోకుండా రెక్కల కింద వేళ్లు పెట్టి పట్టుకోవడం ఆయనకు చూడకుండానే వచ్చు. నా కప్పను ఎవరూ పట్టించుకోలేదు. ఎండ తగ్గింది. తాటిచెట్ల మీదికి పిట్టలు చేరుతున్నాయి. అవతలి ఒడ్డున ఎవరో బర్రెలను కడుగుతున్నారు.

అప్పుడు కనపడింది. తుంగకు పది అడుగుల ఇవతల, నీళ్ల మీద చాటంత ఎర్ర మచ్చ. ముందు ఏదో ఆకు కొట్టుకొచ్చిందనుకున్నాను. కానీ ఆ మచ్చ కదులుతోంది. దాని మీద సన్న చినుకులు పడ్డట్టు చిటపటమంటోంది. ఆకాశం చూస్తే వాన లేదు.

"మామా, అదేంది?"

మామ కర్ర కింద పెట్టి నిలబడ్డాడు. "కొర్రపిల్లలురా. గాలి కోసం పైకొస్తున్నయ్. వందల మీద ఉంటయ్."

ఆయన ఆ మాట అంటుండగానే మచ్చ కింది నుంచి నల్లటి వీపు ఒకటి పైకి తేలి, ఒక గుటక మింగి, మళ్లీ మునిగింది. నా మోచేయంత ఉంది. కిలోన్నరకు తక్కువ ఉండదు.

ఒక్క ఏటు

ఇలాంటప్పుడు ఏం చేయాలో ఫోన్‌లో చాలాసార్లు చూశాను. మలేషియా, థాయ్‌లాండ్ వీడియోల్లో ఇది పేరున్న పద్ధతి. పిల్లల గుంపు మధ్యలో కప్పను వేసి చిన్నగా ఆడించాలి. కింద కాపలా ఉన్న పెద్ద చేపకు ఆకలి ఉన్నా లేకపోయినా అనవసరం. పిల్లల జోలికి ఏదో వచ్చిందని కోపంతో వచ్చి కొడుతుంది. మామూలుగా కొర్రమట్ట ఎంత జాగ్రత్త గల చేప అంటే, నా నీడ పడినా పారిపోతుంది. ఆ ఒక్క సమయంలో మాత్రం పారిపోదు. పారిపోలేదు.

నేను రాడ్ ఎత్తకుండా మామ మొహం చూశాను.

"పడ్తదా మామా?"

"పడ్తది. ఒక్క ఏటుకే పడ్తది. దానికి ఇప్పుడు పానం మీద పట్టింపు లేదు." ఆయన బీడీ తీసి చేతిలోనే పెట్టుకున్నాడు, వెలిగించలేదు. "కానీ అల్లుడా, నువ్వు దాన్ని గట్టుకు గుంజినంక గా పిల్లల చుట్టు ఏముంటదో చూడు. పక్కెలు ఉన్నయ్, జెల్లలు ఉన్నయ్, నీళ్లపాము ఉన్నది. పొద్దు గూకేసరికి ఒక్క పిల్ల మిగలది."

"ఇంట్ల అక్క..." అన్నాను.

"నాకెరుకే. మీ అక్క నాకు ఎవలో పరాయిదా?" అని ఆగాడు. "ఎయ్యొద్దని నేను అంటలేను. ఎట్లుంటదో చెప్తున్న. గాలం నీ చేతుల ఉన్నది."

అదీ సంగతి. మామ వద్దని ఉంటే నాకు సులువుగా ఉండేది. ఇంటికెళ్లి అమ్మతో మామ వెయ్యనివ్వలేదు అని చెప్పేవాణ్ని. ఆయన ఆ దారి మూసేశాడు.

ఎర్ర మచ్చ మెల్లగా తుంగ వైపు జరుగుతోంది. నల్ల వీపు ఇంకోసారి తేలింది. ఈసారి మాకు ఇంకా దగ్గరగా. మమ్మల్ని చూసిందనే నాకు అనిపించింది. అయినా అది లోతుకు పోలేదు, మాకూ పిల్లలకూ మధ్యలోకి వచ్చి నిలబడింది.

నేను కప్పను కొక్కేనికి తగిలించి రాడ్ కట్ట మీద పెట్టాను. ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే కూర్చుని ఆ మచ్చ తుంగలోకి పోవడం చూశాం. మామ ఇంకో జెల్ల పట్టాడు. అప్పుడు బీడీ వెలిగించుకున్నాడు.

పట్టి వదిలేస్తే సరిపోదా?

మీలో గాలం వేసేవాళ్లకు ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. పట్టి, ఒక ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేయొచ్చు కదా అని. నాకూ వచ్చింది. జవాబు అమెరికా, కెనడాల్లో బాస్ చేపల మీద జరిగిన పరిశోధనల్లో దొరికింది.

బాస్‌లో మగ చేప అడుగున గూడు చేసి, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తుంది. అలా కాపలాలో ఉన్న చేపను గాలంతో పట్టి కొద్ది నిమిషాల్లోనే వదిలేసినా, ఆ కాస్త సమయంలో చుట్టుపక్కల చిన్న చేపలు గూడు మీద పడి గుడ్లు తినేస్తాయి. తిరిగి వచ్చిన చేప అలసిపోయి ఉంటుంది. పోయినవి ఎక్కువైతే మిగిలినవాటిని కూడా వదిలేసి వెళ్లిపోతుంది. అందుకే కెనడాలోని ఒంటారియోలో చాలా చోట్ల జూన్ దాకా బాస్ వేటకు సీజనే తెరవరు. ఇంగ్లండ్ సముద్రపు ఒడ్డున గాలం వేసేవాళ్లకు కూడా 42 సెంటీమీటర్ల కంటే చిన్న సీ బాస్‌ను ఉంచుకునే హక్కు లేదు. ఒక్కసారైనా గుడ్లు పెట్టే వయసు రానివ్వాలనేదే దాని వెనక లెక్క.

అంత దూరం ఎందుకు? మన ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకు పోవు. సముద్రానికే సెలవులు ఇచ్చినవాళ్లం, చెరువులో పిల్లలతో ఉన్న ఒక చేపకు కొన్ని వారాలు ఇవ్వలేమా?

ఇక్కడే కొర్రమట్టకూ మిగతా చేపలకూ పెద్ద తేడా ఉంది. తెలంగాణలో 46 వేల పైచిలుకు చెరువులు, కుంటలు ఉన్నాయి. మా వైపు పాకాల, రామప్ప, లక్నవరం లాంటివి కాకతీయుల కాలం నాటివి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా పోయడం మొదలుపెట్టింది. పోసేవి ఎక్కువగా రవ్వ, బొచ్చె లాంటివి. అవి పారే నీళ్లలో గుడ్లు పెట్టే చేపలు. నిలవ నీళ్ల చెరువులో పెరుగుతాయి గానీ సంతానం పెంచుకోవు. అందుకే మళ్లీ మళ్లీ పిల్లలను తెచ్చి పోయాలి.

కొర్రమట్ట అలా కాదు. నాచు, తుంగ మధ్య కాస్త జాగా శుభ్రం చేసుకుని అక్కడే గుడ్లు పెడుతుంది, అక్కడే పిల్లల్ని సాకుతుంది. మామ వాళ్ల చెరువులో కొర్రమట్ట పిల్లలను ఎవరూ లారీలో తెచ్చి పోయలేదు. వచ్చే ఏడు ఆ చెరువులో ఎన్ని కొర్రమట్టలు ఉంటాయన్నది ఈ ఏడు ఎన్ని ఎర్ర మచ్చలు తుంగ దాకా చేరాయన్న దాని మీదే ఉంటుంది. రవ్వను పడితే ఒక రవ్వ పోతుంది. కాపలా కొర్రమట్టను పడితే వెనక ఒక మంద పోతుంది.

ఆ మందలో నష్టపోయేది ఎవరో కూడా చెప్పాలి. ఊరి చెరువులో చేప మీద హక్కు ఆ ఊరి సంఘానిది. ముదిరాజ్‌లు, గంగపుత్రులు, ఆ చెరువు మీదే బతికే కుటుంబాలది. వల లాగే రోజున నాలుగు కొర్రమట్టలు ఎక్కువ పడితే ఆ ఇళ్లలో పిల్లల ఫీజు తేలుతుంది. మనకు ఆదివారం సరదా, వాళ్లకు ఏడాది పంట.

ఇంట్లో

తొమ్మిదింటికి ఇల్లు చేరాను. అమ్మ సంచి తెరిచి చూసింది. మూడు జెల్లలు.

"కొర్రమట్ట పడలే?"

"ఉన్నది. పిల్లలతోటి ఉన్నది."

అమ్మ ఇంకేం అడగలేదు. చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషి. బూడిద తెచ్చి జెల్లలను రాయడం మొదలుపెట్టింది. వరండాలో బావ బుడ్డోణ్ని వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు. మామ ఆ చేపను 'తల్లి' అన్నాడు గానీ, కొర్రమట్టల్లో ఎక్కువగా కాపలా కాసేది తండ్రేనని తర్వాత చదివాను. బావకు ఆ ముక్క చెబితే, "దానికన్నా పొద్దటి పూట ఆఫీస్ ఉండదు కదా" అన్నాడు.

మర్నాడు అమ్మ మార్కెట్‌కు వెళ్లి కొర్రమట్టనే తెచ్చింది, పులుసు పెట్టింది, అక్క తిన్నది. అది చెరువుల్లో పెంచిందో, ఏ ఊరి తుంగలోంచి వచ్చిందో టబ్బు ముందు కూర్చున్న ఆమెకూ తెలియదు. ఈ ముక్క దాచిపెట్టి రాస్తే నేనేదో చెరువును కాపాడినట్టు ఉంటుంది. అంత సీన్ లేదు. నేను వదిలింది ఒక చేపను, ఒక చెరువులో, ఒక సాయంత్రం.

దసరా తర్వాత మామ ఫోన్ చేశాడు. మత్తడి దగ్గర బెత్తెడు బెత్తెడు కొర్రపిల్లలు తిరుగుతున్నాయట. మేం చూసినవేనా అని అడిగాను. "వాటికి పేర్లు పెట్టలేదురా" అన్నాడు.

మీరు కట్ట ఎక్కే ముందు

ఈ వానాకాలం మీరూ రాడ్ పట్టుకుని ఏ చెరువుకో వెళ్తారు. వెళ్లండి, అంత మంచి సాయంత్రం డబ్బు పెట్టినా దొరకదు. వెళ్లగానే ముందు సంఘం వాళ్లను అడగండి. కట్ట మీద ఎవరో ఒకరు ఉంటారు. అడిగితే చాలామంది కాదనరు, చేప ఎక్కడ తిరుగుతుందో కూడా చెబుతారు.

తర్వాత గాలం విసిరే ముందు అయిదు నిమిషాలు నీళ్లు చూడండి. వాన లేకుండా ఒక్క చోటే చినుకులు పడుతున్నట్టు ఉంటే, అక్కడ ఎర్రగా ఏదైనా గుంపుగా కదులుతుంటే, ఆ చోటు వదిలి అవతలికి పోండి. ఆ పిల్లలు పెద్దయ్యే కొద్దీ ఎరుపు పోయి నల్లబడతాయి, ఎవరి దారి వాళ్లు చూసుకుంటాయి. అందుకు కొన్ని వారాలు చాలు. అప్పుడు ఆ పెద్దది మళ్లీ మామూలు కొర్రమట్ట అవుతుంది. మీ నీడ చూసి పారిపోతుంది, మీ కప్పను చూసి అనుమానపడుతుంది, పదిసార్లు విసిరితే ఒక్కసారి కూడా రాదు.

అప్పుడు పట్టండి. అది కదా ఆట!